రైఫిల్ తుడిచిన మధ్యాహ్నం

ఆ వానాకాలం మా ఇంట్లో ఒక రైఫిల్ ఉండేది. మామూలుగా అయితే అది షూటింగ్ క్లబ్బులో, తుపాకుల గదిలో ఉండాలి. ఆ గది పైకప్పు కారడం మొదలుపెట్టేసరికి, మరమ్మతు అయ్యేదాకా మా మామయ్యగారి గదిలో ఇనప బీరువాలో పెట్టుకోమని క్లబ్బువాళ్ళు కాగితం రాసిచ్చారు. ఆ తుపాకుల గదిని ముప్ఫై ఏళ్ళుగా చూసుకుంటున్నది మామయ్యగారే. మా ఇల్లు కూడా క్లబ్బు వెనకే, ప్రహరీగోడని ఆనుకుని ఉంటుంది. తూటాని లోపల బిగించి పేల్చే బోల్టూ, తూటాలూ కోచ్ దగ్గరే ఉండేవి. మా బీరువాలో ఉన్నది ఒట్టి చెక్కా గొట్టమూను. అయినా నాకు భయమే. నాకు భయం కానిదేముంది గనక. మా పాప తుమ్మితే భయం, రెండు రోజులు తుమ్మకపోయినా భయం.

ఆ రైఫిల్‌తో కాల్చేది నా ఆడపడుచు. చిన్నప్పుడు ఏది చూసినా ఒక కన్ను మూసి చూసేదట. మామయ్యగారు మెల్లకన్ను అని ఏడిపించేవారు. ఆ పేరు అరిగి అరిగి చివరికి మెల్లి అని మిగిలింది. ఆ ఏడాదితో దానికి ఇరవై ఒకటి నిండుతాయి. వానలు తగ్గే వేళకి ఎంపిక పోటీ. మొదటి నలుగురికి శిక్షణ కేంద్రంలో చోటిస్తారు, ఉండటానికి గది, పై చదువు కూడా వాళ్ళే చూసుకుంటారు. ఇరవై ఒకటి దాటినవాళ్ళని పోటీకే రానివ్వరు. మెల్లికి అదే ఆఖరి అవకాశం. ఇంట్లో అందరికీ తెలుసు, పాపకి తప్ప.

రైఫిల్ ఇంటికొచ్చిన రోజు నుంచీ తండ్రీకూతుళ్ళకి ఒకటే గొడవ.

"కాల్చినవాళ్ళు తుడవాలి. తిన్న కంచం కడుక్కోమా?" అనేవారు మామయ్యగారు.

"కంచంతో గురి పెట్టం కదా నాన్నా."

"బయట ముసురు పట్టింది. గాలంతా తేమ. గొట్టంలో ఒక్కసారి తుప్పు పట్టిందంటే ఏడ్చి మొత్తుకున్నా పోదు."

"ఇది నువ్వు క్లబ్బుకి రాకముందు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకి మోసిన తుపాకీ కాదు. తూటా చూశావుగా, నా చిటికెన వేలంత లేదు. సీసం, దానిమీద మైనం పూత. కాల్చిన కొద్దీ లోపల ఆ మైనం పల్చగా పేరుకుంటుంది. తూటాలన్నీ దానిమీంచి ఒకేలా జారిపోతాయి. నువ్వు తుడిచేశావనుకో, మళ్ళీ ఆ పూత కుదురుకునేదాకా ఏ తూటా ఎటు పోతుందో దానికే తెలీదు."

"మరి ఎప్పుడు తుడుస్తావు? నేను పోయాకా?"

"గురి చెడితే తుడుస్తా. చెడేదాకా నేను ముట్టుకోను, ఎవర్నీ ముట్టుకోనివ్వను. సీజను అయిపోయి పక్కన పెట్టేటప్పుడు నువ్వే తుడుద్దువు గాని, రోజంతా కూర్చుని."

మామయ్యగారు నా వైపు తిరిగేవారు. "నువ్వు చెప్పమ్మా. మురికి ఉంటే మంచిదని చెప్పే మనిషిని ఎక్కడైనా చూశావా?"

"నాకేం తెలుసు మామయ్యగారూ" అనేదాన్ని. పైకి అలా అన్నా, మనసులో ఆయన పక్షమే. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. నాకు తెలిసిందల్లా ఇల్లు తుడవడం, పాపని తుడవడం. మురికి అంటే తుడవాల్సింది. అంతకు మించి దాని గురించి ఆలోచించాల్సిందేముంది?

నాకూ క్లబ్బులోనే పని. గురి కాగితాలు అట్టలకి అంటించేదాన్ని. పిండి జిగురు కలుపుకుని, పాపని పక్కన కూర్చోబెట్టుకుని రోజుకి రెండు వందల అట్టలు. నల్లటి గుండ్రం సరిగ్గా అట్ట మధ్యలోకి రావాలి, ముడత పడకూడదు. మా ఆయన లారీ మీద తిరిగేవాడు. వారానికో పది రోజులకో వచ్చి, ఒక పూట నిద్రపోయి మళ్ళీ వెళ్ళేవాడు.

ఒకరోజు మెల్లి ప్రాక్టీసు నుంచి వచ్చి చేతి తొడుగు మంచమ్మీద పడేసి స్నానానికి వెళ్ళింది. నేను చూసేసరికి పాప ఆ తొడుగు బొటనవేలు నోట్లో పెట్టుకుని నములుతోంది. దాని పెదవులు, వేళ్ళు నల్లగా ఉన్నాయి. అప్పటికప్పుడు ఎత్తుకుని వానలో డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ పాప నోరు చూసి, కళ్ళు చూసి, "ఏం కాలేదు" అంది. "కానీ సీసం చిన్నపిల్లలకి మంచిది కాదు. తుపాకీ కాల్చి వచ్చినవాళ్ళని చేతులు కడుక్కోమనండి. ఆ బట్టలు, తొడుగులు పాపకి అందకుండా పెట్టండి" అంది.

ఆవిడ చెప్పింది అంతే. మిగతాదంతా నేను కలుపుకున్నాను. ఇంట్లో బీరువా ఉంది, బీరువాలో గొట్టం ఉంది, గొట్టం నిండా సీసం ఉంది. పాప ఆ బీరువా తలుపుకి ఆనుకునే ఆడుకుంటుంది.

మెల్లితో చెప్పాను. అది జుట్టు తుడుచుకుంటూ నవ్వింది.

"గొట్టంలో సీసం లేచొచ్చి పాప నోట్లో దూరుతుందా వదినా? డాక్టరమ్మ చెప్పింది చెంచాడు, నువ్వు కలిపింది బిందెడు. ఆ తొమ్మిదిలో మానకుండా ఇంకో రెండేళ్ళు సైన్సు వినుంటే మాకీ గోల తప్పేది."

అది నవ్వుతూనే అంది. ఆ సాయంత్రం నుంచే కాల్చేటప్పుడు వేసుకునే కోటు బయట వరండాలో తగిలించడం మొదలుపెట్టింది, ఇంట్లోకి వచ్చేముందు మోచేతుల దాకా కడుక్కోవడం మొదలుపెట్టింది. ఆ సంగతి నేను చూశాను. చూసి కూడా, నాకు గుర్తుండిపోయింది అది అన్న మాటే.

పోటీకి ముందురోజు మెల్లి కోచ్‌తో కలిసి పేరు నమోదు చేయించుకోవడానికి వెళ్ళింది. వాన సన్నగా పడుతూనే ఉంది. పాప నిద్రపోయింది. మామయ్యగారు కూడా భోంచేసి నడుం వాల్చారు. బీరువా తాళం చెవి ఆయన చొక్కా జేబులో ఉంటుంది, చొక్కా తలుపు వెనక కొక్కేనికి ఉంటుంది.

నేను ముందే అనుకుని చేశానా అంటే, ఏమో. పొద్దున ఆ గదిలో నేల తుడుస్తూ కొక్కెం వైపు రెండుసార్లు చూసిన మాట నిజం.

రైఫిల్‌నీ, బీరువాలో దాని పక్కనే ఉన్న తుడిచే కడ్డీనీ, నూనె సీసానీ తీసి కిటికీ దగ్గర బల్లమీద దుప్పటి పరిచి పెట్టాను. మామయ్యగారు మిగతా తుపాకులు తుడవడం ఎన్నోసార్లు చూశాను. బోల్టు ఉండే వెనక వైపు నుంచే కడ్డీ పోనివ్వాలి, మూతి వైపు నుంచి పెడితే అంచు గీసుకుపోతుంది. గుడ్డముక్క నూనెలో తడిపి, కడ్డీ కొసకి చుట్టి, నిదానంగా తోశాను. మొదటి ముక్క కాటుకలా వచ్చింది. చూశావా, అనుకున్నాను. రెండోదీ నలుపే. మూడోది బూడిద రంగు. ఏడో ముక్క తెల్లగా బయటికొచ్చింది. గొట్టాన్ని కిటికీ వెలుగుకి పెట్టి చూస్తే లోపల వెండి ఉంగరాలు పేర్చినట్టు మెరిసింది. ఇంట్లో ఏ పని చేసినా అంత తృప్తి కలగలేదు నాకు.

గుడ్డముక్కలు కాగితంలో చుట్టి వీధి చివర చెత్తకుండీలో పడేశాను. చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. రైఫిల్ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం చెవి ఎక్కడిదక్కడ పెట్టేశాను. మామయ్యగారు అటు తిరిగి గురక పెడుతూనే ఉన్నారు.

పాప కోసమే చేశానని అప్పుడు అనుకున్నాను, తర్వాత చాలా రోజులు కూడా అనుకున్నాను. కానీ కడ్డీ తోస్తున్నంతసేపూ నా మనసులో తిరిగింది పాప కాదు. తొమ్మిదో తరగతి.

పోటీ మా క్లబ్బులోనే. జనం ఎక్కువ, వరసలు తక్కువ. అందుకని గురి సరిచూసుకోవడానికి అయిదు తూటాలే ఇచ్చారు. ఆ తర్వాత కాల్చే అరవై లెక్కకి వస్తాయి, పది తూటాలకి ఒక కాగితం. కాల్చిన కాగితాలు తెచ్చి, నంబర్లు చూసి, కొలిచేవాళ్ళ బల్ల మీద పెట్టడం నా పని. మెల్లి నంబరు పదిహేడు.

పదిహేడో నంబరు మొదటి కాగితం నా చేతికొచ్చినప్పుడు ఎవరో పొరపాటున వేరేవాళ్ళది ఇచ్చారనుకున్నాను. మెల్లి కాగితాలు నేను ఏడాదిగా చూస్తున్నాను. పది తూటాలు కలిపి నడిమధ్యన ఒక్క బొక్క చేస్తుంది. ఇందులో రెండు ఎడమకి, ఒకటి కిందికి, ఒకటి పైకి, చిల్లులన్నీ చెల్లాచెదరుగా ఉన్నాయి. వందకి తొంభై ఒకటి. రెండోది తొంభై అయిదు. చిల్లులు మెల్లగా మధ్యకి జరుగుతున్నాయి. మూడోది తొంభై ఎనిమిది. అప్పట్నుంచి మళ్ళీ నాకు తెలిసిన మెల్లి కాగితాలే. తొంభై తొమ్మిది, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది.

మొత్తం అయిదు వందల ఎనభై. నాలుగో స్థానం అమ్మాయికి అయిదు వందల ఎనభై మూడు.

మెల్లి బల్ల దగ్గర ఏడవలేదు. రైఫిల్ కోచ్‌కి ఇచ్చి పక్కన నిలబడింది. ఆ కోచ్‌ని అందరూ నిదానం మాస్టారు అనేవారు, నోరు తెరిస్తే వచ్చే మొదటి మాట అదే కాబట్టి. ఆయన బోల్టు తీసి గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి చూశారు. చాలాసేపు చూశారు.

"పాత పూత లేదు, ఇవాళ్టి తూటాలదే ఉంది" అన్నారు. "మొదటి ఇరవై తూటాలూ పూత పట్టడానికే పోయాయి. ఎవరమ్మా తుడిచింది?"

మెల్లి నా వైపు చూడలేదు. గేటు దగ్గర గొడుగు వేసుకుని, కూతురి ఫలితం కోసం కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డ మామయ్యగారి వైపు చూసింది.

ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"నాన్నా. నిన్న నేను లేనప్పుడు రైఫిల్ తుడిచావా?"

"లేదే" అన్నారు ఆయన. గొడుగు మూలన పెట్టి, "నిన్ననా?" అన్నారు.

ఆ వానాకాలం ఆయనకి మతిమరుపు మొదలైంది. పంపు కట్టడం మర్చిపోయేవారు. రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకుని వెళ్ళి, దారిలో చూసుకుని ఆయనే నవ్వుకునేవారు. మేమూ నవ్వేవాళ్ళం. ఆ రోజు మాత్రం ఆయన చేతులు రెండూ ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నారు.

"నిన్న మధ్యాహ్నం పడుకున్నాను కదా" అన్నారు. నా వైపు తిరిగి, "పడుకున్నానామ్మా?" అని అడిగారు.

నేను పాపకి పాలు కలుపుతున్నాను. గ్లాసులో చెంచా తిప్పుతున్నాను.

"కాసేపు పడుకున్నట్టున్నారు మామయ్యగారూ" అన్నాను.

"కాసేపు" అన్నారు ఆయన, లెక్క వేసుకుంటున్నట్టు. "అయితే నేనే చేసుంటాను. అలవాటైన చెయ్యి కదమ్మా."

మెల్లి లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను పాలు తిప్పుతూనే ఉన్నాను. అవి ఎప్పుడో కలిసిపోయాయి.

ఆ తర్వాత నెల రోజులు మెల్లి తండ్రితో మాట్లాడలేదు. అరిచి గొడవ పెట్టుకున్నా బాగుండేది. ఆయన గదిలోకి వస్తే అది ఇవతలికి వచ్చేసేది. "వదినా, నాన్నని భోజనానికి రమ్మను" అనేది, ఆయన రెండడుగుల దూరంలో కూర్చుని ఉంటే. ఆయన నా మొహం చూసి, నేను రమ్మన్నాకే లేచేవారు. ఇద్దరి మధ్యా మాటలు మోసేది నేను. అంతకన్నా తగిన శిక్ష లేదనుకునేదాన్ని. అదేం శిక్ష? వాళ్ళిద్దరూ విడివిడిగా నాతో ప్రేమగానే ఉండేవారు.

మూడో రోజు మామయ్యగారు బీరువా తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఇది నీ దగ్గర ఉంచమ్మా. నన్ను నేనే నమ్మలేకపోతున్నాను."

తుపాకుల గది పని కూడా ఆయనే మానుకున్నారు. ఎవరూ మానమనలేదు. పొద్దున్నే తయారై గేటు దాకా వెళ్ళేవారు, తిరిగి వచ్చేసేవారు. పంపు ముట్టుకోవాలన్నా నన్ను అడిగేవారు. మా ఆయన ఫోన్ చేసినప్పుడు చెబుదామని రెండుసార్లు అనుకున్నాను. "నాన్నకి వయసు మీద పడింది. నువ్వు ఉన్నావు కాబట్టి సరిపోయింది" అన్నాడు. ఆ మాట తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పాప లేచిందని చెప్పి పెట్టేశాను.

నిజం చెబితే ఏమవుతుందని అన్ని రోజులూ భయపడ్డాను? మా ఆయన కోప్పడతాడని, క్లబ్బులో అట్టల పని పోతుందని, పాపని ఎత్తుకుని ఎటు పోవాలో అని. మెల్లి మొహం ఎలా మారుతుందో అని. ఒకరోజుకి ఒక భయం.

తుపాకుల గది కప్పు బాగయిందని చెప్పడానికి ఒక సాయంత్రం నిదానం మాస్టారు మా ఇంటికొచ్చారు. నేను టీ తీసుకెళ్ళేసరికి వరండాలో మామయ్యగారు ఆయనతో చెబుతున్నారు.

"వాన పడుతోంది మాస్టారూ. వెలుగు కోసమని కిటికీ దగ్గర పెట్టుకున్నాను. మొదటి గుడ్డ కాటుకలా వచ్చింది. ఇంకోటి, ఇంకోటి. నా ముప్ఫై ఏళ్ళ పనిలో అంత శుభ్రంగా ఎప్పుడూ చెయ్యలేదు. సరిగ్గా చెయ్యకూడని రోజునే చేశాను."

టీ గ్లాసు చేతిలో కాలుతున్నా తెలియలేదు. నా మధ్యాహ్నం ఆయనకి గుర్తుంది. కిటికీతో సహా. మధ్యలో ఎప్పుడైనా కళ్ళు తెరిచి చూశారేమో.

మాస్టారు వెళ్ళగానే ఆయన ముందు కింద కూర్చున్నాను.

"మామయ్యగారూ, ఆ రోజు రైఫిల్ తుడిచింది మీరు కాదు. నేను. మీరు నిద్రపోతున్నారు. మీ చొక్కా జేబులోంచి తాళం చెవి తీశాను."

ఆయన నా తల మీద చెయ్యి వేశారు. నవ్వారు కూడా.

"మెల్లి మాట్లాడ్డం లేదని నా మీద జాలి వేసిందా? వద్దమ్మా. నా తప్పు నువ్వు నెత్తిన వేసుకుంటే నాకింకా సిగ్గు."

"నిజం మామయ్యగారూ."

"నాకు గుర్తుందమ్మా. మిగతావన్నీ మర్చిపోతున్నాను గాని, అది బాగా గుర్తుంది."

ఎంత చెప్పినా ఆయన వినలేదు. చివరికి విసుక్కున్నారు. ఎప్పుడూ నా మీద విసుక్కోని మనిషి.

మర్నాడు మెల్లి పెరట్లో బట్టలు ఆరేస్తుంటే చెప్పాను. తడి దుప్పటికి అవతల అది, ఇవతల నేను. మొహం కనపడదు కాబట్టి చెప్పగలిగాను.

"ఎన్ని గుడ్డలు పట్టాయి?"

"ఏడు."

"మూతి వైపు నుంచా, వెనక నుంచా?"

"వెనక నుంచే. మామయ్యగారు చేసేటట్టే."

అది నమ్మిందని నాకు అప్పుడు తెలిసింది.

"పాప కోసమా?"

"అనే అనుకున్నాను" అన్నాను. ఆగిపోదామనుకున్నాను గాని ఆగలేదు. "తొమ్మిదిలో మానేశానని అన్నావు."

దుప్పటి పక్కకి తీసి నన్ను చూసింది. "ఎప్పుడన్నాను?"

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చిన రోజు."

అది గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. గుర్తు రాలేదు. ఒక చొక్కా తీసి, దులిపి, తాడు మీద వేసింది.

"పోటీ సంగతి పక్కన పెట్టు వదినా. తెలియక చేశావు. కానీ నెల రోజులు. నేను ఆయన మొహం చూడకుండా నెల రోజులు తిరిగితే, నువ్వు మా ఇద్దరికీ అన్నం వడ్డించావు."

నేను బకెట్లోంచి ఇంకో బట్ట తీసి, పిండి, దాని చేతికిచ్చాను.

"నాన్నకి చెప్పావా?"

"చెప్పాను. నమ్మలేదు. తానే చేశానంటారు."

మెల్లి బట్టల బకెట్టు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి దాని గొంతు వినిపించింది, మామూలుగా, ఏమీ జరగనట్టు. "నాన్నా, జరుగు, నేనూ కూర్చుంటాను." ఆ తర్వాత మామయ్యగారు ఏడుస్తున్న చప్పుడు. మిగిలిన బట్టలు నేను ఆరేశాను.

ఆ వారమే రైఫిల్ క్లబ్బుకి తిరిగి వెళ్ళాలి. మెల్లి దాన్ని బల్ల మీద పెట్టించి నన్ను పిలిచింది. మామయ్యగారు పాపని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో ఉన్నారు.

"సీజను అయిపోయింది. ఇక నెలల తరబడి కాల్చేది లేదు. ఇలా మూల పడేసేటప్పుడే తుడవాలి, లేకపోతే తేమకి పాడవుతుంది" అంది, పాఠం చెబుతున్నట్టు. కడ్డీ నా చేతికిచ్చింది. "నువ్వు చెయ్యి వదినా."

మామయ్యగారి ముందు చెయ్యమంది. నేను గుడ్డముక్క తడిపి, కడ్డీకి చుట్టి తోశాను. నల్లగా వచ్చింది. ఇంకోటి తోశాను. మెల్లి చేతులు కట్టుకుని నిలబడి, నా చేతులే చూస్తోంది.

"చూడవే, ఎంత శ్రద్ధగా చేస్తోందో" అన్నారు మామయ్యగారు కూతురితో. "ఈ పని ముందే తనకి అప్పజెప్పాల్సింది. నీకంత నష్టం జరిగేది కాదు."

"అవును నాన్నా" అంది మెల్లి.

నేను ఇంకో ముక్క తీసుకున్నాను. అప్పటికే గుడ్డ తెల్లగా వస్తోంది. మెల్లి చాలనలేదు. నేను తోస్తూనే ఉన్నాను.